ఆకు కనవడేటట్టు

మా ప్రిన్సిపాల్ గారు అరపేజీ రాసిమ్మన్నారు. కాలేజీలో అతిథి ఉపన్యాసం ఏది జరిగినా దాని మీద అరపేజీ రాసి, రెండు ఫొటోలు అంటించి ఫైల్లో పెట్టాలి. కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వచ్చినప్పుడు ఆ ఫైలు తీసి చూపించాలి. కోరుట్లలో మా డిగ్రీ కాలేజీలో ఆ అరపేజీలు రాసే పని ఎప్పట్నుంచో నాదే. నేను తెలుగు చెప్తాను కాబట్టి రాయడం నాకు మంచినీళ్ళు తాగినంత సులువని అందరి నమ్మకం.

నిజానికి సులువే. "వక్త తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి అనర్గళంగా ప్రసంగించారు. విద్యార్థులు ఎంతో ఆసక్తిగా విన్నారు. కార్యక్రమం ఆద్యంతం ఆహ్లాదకరంగా సాగింది." ఈ మూడు వాక్యాలు రక్తదానం మీద మాట్లాడిన డాక్టరుకూ సరిపోయాయి, బ్యాంకు పరీక్షల గురించి చెప్పినాయనకూ సరిపోయాయి. పేరు, తేదీ మారిస్తే చాలు. ఈసారి మాత్రం కంప్యూటర్లో ఆ పాత కాగితం తెరిచి, పేరు మార్చడానికి చెయ్యి రాక మూసేశాను. నెల దాటింది. "అరపేజీనే గదా మేడం" అని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు గుర్తు చేశారు. ఫైల్లోకి ఏదో ఒకటి రాసిస్తాను. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఉపన్యాసం గురించి చెప్పాలంటే ముందు మా అవ్వ గురించి చెప్పాలి. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం. కాలేజీలో మాత్రం నేను అమ్మ అంటాను. అట్లా అనమని ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేనే నేర్చుకున్నాను.

మాది కోనరావుపేట దగ్గర ఊరు. నాన్న కల్లుకు తాళ్ళు గీసేవాడు. ఆయన పోయాక అవ్వ నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని సిరిసిల్ల వచ్చింది. అక్కడ సగం ఇళ్ళల్లో మగవాళ్ళు సాంచాల మీద బట్ట నేస్తే ఆడవాళ్ళు గడపలో కూచుని బీడీలు చేసేవాళ్ళు. అవ్వ కూడా చాట ఒళ్ళో పెట్టుకుంది. తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, ముప్పై ఏళ్ళు అదే పని. మా ఇద్దరి చదువులూ ఆ పనితోనే అయ్యాయి. ఇట్లాంటివి వేదికల మీద చెప్పుకుంటే చప్పట్లు పడతాయి. నేను ఎక్కడా చెప్పలేదు. తోటి లెక్చరర్లు అడిగితే "అమ్మ ఇంట్లోనే ఉంటుంది" అనేదాన్ని. అబద్ధం కాదు. బీడీలు ఇంట్లోనే చేస్తారు.

కిందటి వానాకాలం అవ్వ చనిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి అంతా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను. స్నానం చేయించేటప్పుడు రాలేదు, పాడె లేపేటప్పుడు రాలేదు. చుట్టాల ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళ జాకెట్ల కుట్లు చూస్తూ నిలబడ్డాను. మరదలు చాయ్ ఇస్తే తాగాను. చక్కెర తక్కువైందనిపించింది. ఆ రోజు నాకు అనిపించింది అదొక్కటే.

దినాలకు ఫొటో కావలసి వచ్చింది. ఎవరి ఫోన్లోనూ లేదు. ఉన్నవాటిలో అవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది, లేకపోతే అటు తిరిగింది. చివరి రెండేళ్ళలో సరిగా కనపడే ఫొటో ఒక్కటీ లేదు. తమ్ముడు ఆధార్ కార్డు తీసుకుని స్టూడియోకు పోయాడు. స్టూడియో అతను ఆ చిన్న ముఖాన్ని పెద్దది చేసి, అవ్వ ఎన్నడూ కట్టని ఎర్రంచు పట్టుచీర కట్టించి, వెనక నీలం రంగు మబ్బులు పెట్టాడు. దానికే దండ వేశాం.

మా కాలేజీ వాళ్ళు కారు మాట్లాడుకుని పలకరించడానికి వచ్చారు. ఫొటో ముందు నిలబడి దండం పెట్టారు. "అమ్మగారు ఎంత శాంతంగ ఉన్నరు మేడం" అంది మా ఇంగ్లీషు మేడం. నేను తలూపాను. మర్నాడు పొద్దున స్టాఫ్ గ్రూపులో సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ వచ్చింది, సెలవుల మధ్యలో పడేటట్టు. దాని కింద అదే ఇంగ్లీషు మేడం ఒక స్టికర్ పెట్టింది. పెద్దవయసు ఆడమనిషి, మూతి ఒక పక్కకు తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, చెంప దగ్గర చెయ్యి పెట్టుకుని ఉంటుంది. కింద "గిదేంది సారూ?" అని పచ్చటి అక్షరాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆ స్టికర్ లేని ఫోన్ లేదు. జీతాలు లేటైనా అదే, కూరలో ఉప్పెక్కువైనా అదే.

ఆ స్టికర్లో ఉన్నది మా అవ్వ. పట్టుచీరలో ఉన్నామెను ఎవరూ గుర్తుపట్టలేదు.

దాన్ని తీసింది నేను. అవ్వ పోవడానికి రెండేళ్ళ ముందు ఒక ఆదివారం సిరిసిల్ల పోయినప్పుడు, అవ్వ పొద్దున్నే ఆకుకట్ట చంకన పెట్టుకుని బయల్దేరుతోంది. ఆకంతా మచ్చలదీ చిల్లులదీ ఇచ్చారని, బీడీల కార్ఖానాలో మార్పించుకుని వస్తానని అంది. నేనూ వెంట పోయాను. అక్కడ ఆకు ఇచ్చే కిటికీ ముందర పది పదిహేను మంది ఆడవాళ్ళున్నారు. అవ్వ కట్ట విప్పి ఆకులు కిటికీ గట్టు మీద పరిచింది. నేను ఫోన్ తీశాను. ఎందుకు తీశానంటే, ఊరికే. ఆదివారం పూట చేతిలో ఫోన్ ఉంటే ఏం చేస్తాం.

అవ్వ ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టింది. అందులో చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి ఒక కన్నుతో, కిటికీ లోపల ఆకు ఇచ్చే ఆయనను చూసింది. తర్వాత ఆకు దించి, చెంప దగ్గరే పట్టుకుని, మూతి తిప్పి అడిగింది. "గిదేంది సారూ?" వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అవ్వకు ఆ చమత్కారం ఎప్పుడూ ఉండేది. పంతులును, కండక్టరును, ఎవరినీ వదిలేది కాదు.

ఆ వీడియో రెండు నిమిషాలకు కొంచెం తక్కువ. బయటికొచ్చి ఆటోలో కూచుని, నవ్వు వచ్చే ముక్క ఉంచి, ముందుదీ వెనకదీ కోసేశాను. ఆటో కదలకముందే స్టాఫ్ గ్రూపులో పెట్టాను. కింద "మావైపు ఆడవాళ్ళు" అని రాసి, నవ్వే బొమ్మలు మూడు పెట్టాను. మా అమ్మ అని రాయలేదు. వెనక ముక్క కోసింది కూడా అందుకే. అందులో అవ్వ నా వైపు తిరిగి నన్ను బిడ్డ అని పిలుస్తుంది. అది ఉంటే బీడీలు చేసే ఈ మనిషి నాకేమవుతుందో అందరికీ తెలిసిపోతుంది. ఇది నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే సిగ్గుగా ఉంటుందనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది కూడా లేదు. ఏదో ఫారంలో గళ్ళు నింపుతున్నట్టే ఉంది.

గ్రూపులోంచి అది ఎటు పోయిందో తెలియదు. నెలలోపు ఎవరో స్టికర్ చేశారు. కామెడీ వీడియోల వాళ్ళు వెనక నవ్వులు కలిపి పెట్టుకున్నారు. తమ్ముడి కూతురు అప్పుడు ఇంటర్ చదువుతోంది. "నానమ్మా, నువ్వు ఫేమసైనవ్" అని ఫోన్ తెచ్చి చూపించిందట. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "గింతేనా? మిగిల్నదేది?" అని అడిగిందట. "గంతే ఉంటది నానమ్మా" అందట అది. ఇదంతా ఆ పిల్లే ఫోన్లో నాకు చెప్పి నవ్వింది.

తీసింది నేనని అవ్వకు తెలుసు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదని అప్పుడు అనిపించలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ తర్వాత నేను సిరిసిల్ల ఎప్పుడు పోయినా, చేతిలోకి ఫోన్ తీసుకుంటే చాలు, అవ్వ కొంగు ముఖానికి అడ్డం తెచ్చుకునేది. ఎవరి ఫోనో వస్తే ఎత్తబోతున్నా అంతే.

అసలు సంగతి మరదలు చెప్పింది, అదీ అవ్వ పోయాక. స్టికర్ వచ్చిన తర్వాత అవ్వ కార్ఖానాలో నోరెత్తలేదట. అవ్వ కిటికీ దగ్గరికి పోగానే లోపలాయనే మూతి తిప్పి "గిదేంది సారూ" అనేవాడట. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళట. ఇంక ఏం కొట్లాడుతుంది. ఎట్లాంటి ఆకు ఇస్తే అట్లాంటిదే తెచ్చుకుని, బాగున్నది ఏరుకుని, లేనిది పక్కన పడేసి, దించిన తల ఎత్తకుండా చేసుకునేదట. "అత్త మస్తు సప్పుడు తగ్గింది వదినా, వయసు మీద వడ్డదనుకున్నం" అంది మరదలు.

ఇది విన్న తర్వాత కూడా నాకు ఏడుపు రాలేదు. కాలేజీకి పోయాను, పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. స్టాఫ్ గ్రూపులో ఆ స్టికర్ వస్తే వేలితో పైకి జరిపేసేదాన్ని.

ఇట్లా ఐదు నెలలు గడిచాక ఆ ఉపన్యాసం జరిగింది. మా మహిళా సాధికారత విభాగం వాళ్ళు ఏర్పాటు చేశారు. "నల్లజాతి స్త్రీవాదం – డిజిటల్ సంస్కృతి" అని ఫ్లెక్సీ కట్టారు. ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "గిది మన పిల్లలకు పోటీ పరీక్షలల్ల వస్తదా?" అని అడిగారు. రాదన్నాం. "సరే, ఫొటోలు మంచిగ తియ్యిన్రి" అన్నారు. వందన సమర్పణ, అంటే చివర్లో లేచి అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పడం, నాకు పడింది. అది కూడా ఎప్పుడూ నాదే.

వచ్చినావిడది జగిత్యాల. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఇప్పుడు హైదరాబాదులో ఏదో విశ్వవిద్యాలయంలో చెప్తున్నారు. నాకంటే పదేళ్ళు చిన్న. విపరీతమైన జలుబుతో వచ్చారు. మైకులో మాటకంటే ఎగబీల్చుడే ఎక్కువ వినపడింది. గంట అని చెప్పి గంటా నలభై నిమిషాలు మాట్లాడారు. మెట్‌పల్లి బస్సు పిల్లలు మధ్యలో లేస్తుంటే, "పోయేటోళ్ళు పోన్రి, కుర్చీలు గుంజకున్రి" అని కసిరారు కూడా. అనర్గళమూ కాదు, ఆహ్లాదమూ కాదు. ఆ వాక్యాలు ఈవిడకు ఎందుకు సరిపోలేదో ఇప్పుడు తెలిసింది కదా.

అయినా నేను విన్న ఉపన్యాసాల్లో అట్లాంటిది లేదు. ఆవిడ పుస్తకాల పేర్లతో మొదలుపెట్టలేదు. "అమెరికాల ఆడోళ్ళ హక్కులని మీటింగు వెడితే ముందర తెల్ల ఆడోళ్ళు నిలవడ్డరు. నల్లోళ్ళ హక్కులని వెడితే ముందర మొగోళ్ళు నిలవడ్డరు. నల్ల ఆడమనిషి రెండిటికీ పోయింది. రెండుకాడ పని చేసింది. మాట్లాడే వంతు మాత్రం రాలే. గప్పుడు వాళ్ళ మాట వాళ్ళే కూసొని రాసుకున్నరు. నేను చానా తక్కువ చేసి చెప్తున్న, మీరు చదువుకోవాలె" అన్నారు. పిల్లలు పక్కవాళ్ళతో మాట్లాడటం తగ్గించారు.

తర్వాత తెర మీద బొమ్మలు వేశారు. బొమ్మలు అన్నాను గానీ అందులో బొమ్మ లేదు. తెల్లటి గడి, చుట్టూ నల్లటి గీత. గడి కింద ఇట్లా రాసి ఉంది: ఇక్కడ ఒక నల్లజాతి స్త్రీ ముఖం ఉంది. ఆమె ఒక ఆఫీసులో పనిచేసేది. ఆ రోజు ఆమె చాలాసేపు మాట్లాడింది. మన దగ్గరికి వచ్చింది రెండు సెకన్లు. తర్వాత ఇంకో ఖాళీ గడి, కింద ఇంకో ఆడమనిషి సంగతి. వరుసగా అవే. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "మేడం, బొమ్మలు వస్తలేవు, ప్రొజెక్టర్ ఖరాబైనట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఖరాబ్ కాలే. నేనే పెట్టలే" అన్నారావిడ. "ఫోన్లల్ల స్టికర్లయి తిరిగే నల్ల ఆడోళ్ళ ముఖాలివి. పెడితే మీరు నవ్వుతరు. నవ్వుడు మీ తప్పు గాదు. నవ్వాలనే గంత ముక్క కోసిన్రు. కోపమొచ్చినా ఆమె ముఖమే పంపుతరు, సంబురమైనా ఆమె ముఖమే పంపుతరు. ఆమెతోని ఒక్క బెంచి మీద కూసోనోళ్ళు గూడ ఆమె ముఖంతోని మాట్లాడుతరు. గా రెండు సెకన్లకు ముందట ఏమైంది, ఎనుక ఏమైంది, ఎవ్వలూ అడగరు. ఆమెను అడిగి పెడదామంటే నాకు అడిగే దారి దొరకలే. అందుకే ఖాళీ."

మా అవ్వ పేరు, ఎవరి పేరూ, ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగే దారి నాకూ లేదు.

నేను పక్క తలుపు దగ్గర వందన సమర్పణ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ మాటలు చెవిన పడుతున్నాయి, లోపలికి పోవడం లేదు. ఫ్లెక్సీ ఒక మూల ఊడి ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది. దాన్ని ఎవరైనా కడితే బాగుండుననుకుంటున్నాను. అప్పుడు ఆవిడ, "గిది అమెరికా ముచ్చట అనుకుంటున్నరు. మీ ఫోన్లల్ల ఇసోంటి ముఖాలు లేవా? మన దిక్కువి?" అని అడిగారు.

రెండో వరసలో కూచున్న అమ్మాయి చెయ్యెత్తింది. మల్లాపూర్ నుంచి వస్తుంది, రెండో సంవత్సరం, నా క్లాసులోనే. ఫోన్ పైకి పట్టుకుంది. నాకు కనపడింది. హాలంతా ఒక్కసారి నవ్వింది. ఎవరో వెనక నుంచి "గిదేంది సారూ" అని అవ్వ గొంతు పెట్టి అన్నారు. మళ్ళీ నవ్వు. మా ఇంగ్లీషు మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ వేదిక దిగి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. నవ్వలేదు. "ఈమె ఎవలు?" అని అడిగారు. సినిమా యాక్టర్ అని ఒకరన్నారు. సిరిసిల్ల బస్టాండులో తిరిగే పిచ్చామె అని ఒకరన్నారు. కాదు, కామెడీ చేస్తదని ఇంకొకరు. నా చేతిలో కాగితం ఉంది. అందులో మొదటి మాట "వేదికనలంకరించిన". ఆ మాటనే చూస్తూ ఉన్నాను.

"చేతిల ఏం పట్టుకున్నది?" అని అడిగారు.

"కొంగు మేడం" అంది మల్లాపూర్ అమ్మాయి.

ఆవిడ రెండు వేళ్ళతో ఆ బొమ్మ పెద్దది చేసి, కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు. చాలాసేపు చూశారు. "కొంగు కాదు. గిది తునికాకు. అంచు సూడున్రి. మా అమ్మీ గిప్పటికీ బీడీలు చేస్తది, ఈ ఆకు నేను యాడున్నా గుర్తువడత. గిది మచ్చ ఆకు. చుట్టంగనే పలుగుతది. బీడీ పలిగితే ఆకు మంచిగలేదనరు, నీ చెయ్యి మంచిగలేదంటరు" అన్నారు. ఫోన్ ఆ పిల్లకు ఇచ్చేసి, "ఈమె కామెడీ చేస్తలేదు. కొట్లాడుతున్నది" అన్నారు.

లక్షమంది ఆ స్టికర్ చూసి ఉంటారు. చేతివైపు చూసింది ఆవిడొక్కరే. నేను ఆవిడ గురించి రాయదలచుకున్న ప్రశంస ఇంతే. అరపేజీ కూడా అక్కర్లేదు.

కానీ నేను అప్పుడు ఏం చేశానో కూడా చెప్పాలి. ఏమీ చేయలేదు. నా వంతు రాగానే మైకు దగ్గరికి పోయి కాగితం చదివాను. వేదికనలంకరించిన పెద్దలకు, ఆసక్తిగా విన్న విద్యార్థులకు, మైక్ సెట్ వారికి. గొంతు వణకలేదు. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం, ఫొటోలు దిగాం. ప్రిన్సిపాల్ గారు ఆవిడను బస్సు ఎక్కించి రమ్మని నాకు చెప్పారు.

కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం సిమెంటు బెంచి మీద కూచున్నాం. ఆవిడ శాలువా మడిచి సంచిలో కుక్కుకుని, ముక్కు తుడుచుకుంటున్నారు. నేను ఏమీ అనుకోకుండానే నోట్లోంచి వచ్చింది. "మేడం, గా స్టికర్ల ఉన్నది మా అవ్వ."

కాలేజీకి సంబంధించిన మనిషి దగ్గర అవ్వ అన్న మాట అనడం అదే మొదలు.

ఆవిడ తిరిగి చూశారు. "ఉన్నరా?"

"లేదు. అయిదు నెలలాయె."

"వీడియో మొత్తం ఉన్నదా?"

ఉంది. తీసేయలేదు. అవ్వ పోయిన తర్వాత తెరవనూ లేదు. వెతికి తీసి ఫోన్ ఇచ్చాను. బస్టాండు గోలలో వినపడదని ఆవిడ చెవిలో తీగ పెట్టుకుని చూశారు. నేను ఎదురుగా ఉన్న జామకాయల బండి చూస్తూ కూచున్నాను. అయిపోయాక తీగ తీసి, చేతికి చుట్టుకుంటూ అడిగారు.

"ఎవరు కోసిన్రు?"

"నేనే."

పర్వాలేదు అనలేదు. మీకు తెలియక చేశారు అనలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు. ఇంకెవరైనా వేసేవాళ్ళు, నేను ఆ చేతి గాజులు చూస్తూ కూచునేదాన్ని. అవ్వ పేరు ఏంటని అడిగారు. చెప్పాను. బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "ఆమె మీకు పని చెప్పింది గదా మేడం, వీడియో చివర్ల" అన్నారు. జనం తోసుకుంటూ ఎక్కారు. ఇంక కనపడలేదు.

తర్వాత రోజు రెండో సంవత్సరం క్లాసులో పాఠం చెప్పలేదు. మా గదిలో ప్రొజెక్టర్ పనిచేస్తుంది, స్పీకర్లు కూడా ఉన్నాయి. "నిన్న ఒక ముఖం చూసిన్రు గదా. ముందుదీ ఎనుకదీ చూద్దాం" అన్నాను. పిల్లలు నన్ను వింతగా చూశారు. క్లాసులో నేను అట్లా మాట్లాడను.

వీడియో మొదలైంది. అవ్వ గొంతు గది నిండా వచ్చింది. "నా చెయ్యి మంచిగలేదంటివి. ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. ఇద్దరు పిల్లలను సదివిచ్చిన చెయ్యి. గిప్పుడు ఒక్కసారే చెడ్డదయ్యిందా సారు? ఆకు సూడు, నా చెయ్యి తర్వాత సూడుదువు." ఆకులు ఒక్కొక్కటే పరుస్తోంది. ఒకటి తీసి వెలుతురుకు పట్టి, చిల్లులోంచి చూసి, దించి, "గిదేంది సారూ?" అంది. అలవాటుగా నలుగురైదుగురు నవ్వారు. సగంలో ఆపేశారు. వీడియోలో నా నవ్వు కూడా వినపడింది, అందరికంటే దగ్గరగా, అందరికంటే గట్టిగా.

తర్వాత అవ్వ నా వైపు తిరిగింది. తెర మీద ఆ గదిలో ఉన్న అందరి వైపూ తిరిగినట్టయింది. "తీస్తున్నవా బిడ్డ? తియ్యి. నా ముఖం గాదు, ఆకు కనవడేటట్టు తియ్యి. మీ కాలేజీల సూపెట్టు. సదువుకునే పిల్లలు సూడాలె." అక్కడితో అయిపోయింది.

నన్ను ఎవరైనా బిడ్డ అని పిలిచి ఐదు నెలలైంది. చేతిలో డస్టర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. కళ్ళు మండాయి. అంతకుమించి రాలేదు.

"ఆమె మా అవ్వ" అన్నాను. "ముక్క కోసింది నేను."

మల్లాపూర్ అమ్మాయి లేచి నిలబడింది. ముఖం ఎర్రబడి ఉంది. క్షమించమంటుందేమో, ఏం చెప్పాలా అని అనుకుంటున్నాను.

"మేడం, మరి ఆకు మార్చిచ్చిన్రా?" అని అడిగింది.

ఆ రోజు నేను వీడియో ఆపేసరికి అవ్వ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. నేను బయటికొచ్చి ఆటోలో కూచుని ముందుదీ వెనకదీ కోస్తున్నాను. కాసేపటికి అవ్వ వచ్చి పక్కన కూచుంది. ఒళ్ళో ఆకుకట్ట ఉంది. అది తీసుకుపోయినదో, మార్చి ఇచ్చినదో నేను చూడలేదు. అప్పుడే గ్రూపులో మొదటి నవ్వు వచ్చింది, అది చూస్తున్నాను. దారి పొడుగునా అవ్వ నా పక్కనే ఉంది.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను. "నేను అడగలే."